ఆయాసం లేని వీరులు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ఒక రౌండంటే ఆరు సెకన్లు. ఇరవయ్యో లెవెల్ చేరిన ఫైటర్ ఆ ఆరు సెకన్లలో నాలుగు వేట్లు వేయగలడు. లెక్క కట్టి చూడండి: గంటకి 600 రౌండ్లు, 2400 వేట్లు. ఒంటిమీద తలనుంచి కాలిదాకా ఇనప కవచం, చేతిలో బారెడు కత్తి. రూల్స్ పుస్తకం ప్రకారం 2400వ వేటు కూడా మొదటి వేటంత సూటిగా, అంత బలంగానే పడుతుంది. చెమట పట్టదు, చెయ్యి వణకదు, దాహం వెయ్యదు. ఎస్కలేటర్ పనిచెయ్యని రోజు లాప్‌టాప్ బ్యాగుతో మెట్రో స్టేషన్ మెట్లెక్కితే, పైకి చేరాక నాకు కాసేపు మాట రాదు.

ఈ వింత ఆట మొదలైనప్పట్నుంచీ జనానికి కనబడుతూనే ఉంది. కనబడిన ప్రతివాడూ దాన్ని సరిచేద్దామని సొంతంగా ఒక రూలు రాసుకున్నాడు. కొన్నాళ్ళు ఆడి, విసుగొచ్చి పక్కన పడేశాడు. పదేళ్ళకి ఇంకొకడు మళ్ళీ రాశాడు. యాభై ఏళ్ళుగా ఇలా రాయడం, పడేయడం ఎందుకు జరుగుతోందన్నదే నాకు ఆసక్తి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్, కథ నడిపేది ఆయనో ఆవిడో. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర. ఏం చేస్తామో నోటితో చెబుతారు, అది జరిగిందో లేదో పాచికలు చెబుతాయి. రూల్స్ పుస్తకంలో ఉంటాయి, కానీ పుస్తకం మీద ఎవరికీ అంత భయం ఉండదు. మన గల్లీ క్రికెట్‌లో ఫలానా వాళ్ళ గోడ దాటితే ఔటు, వన్ పిచ్ క్యాచ్ ఔటు అని పెట్టుకోలేదూ? వాటికోసం ఎవరూ లార్డ్స్‌కి ఉత్తరం రాయలేదు. ఈ ఆటల్లో అలాంటివాటిని హౌస్ రూల్స్ అంటారు. అలసట గురించిన హౌస్ రూల్స్ వాటిలో బహుశా అన్నిటికంటే మొండివి.

విచిత్రం ఏమిటంటే, ఈ ఆట పుట్టింది అలసటని లెక్కపెట్టే ఇంట్లోనే. 1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెర్రెన్ కలిసి చెయిన్‌మెయిల్ అనే యుద్ధక్రీడ పుస్తకం వేశారు. మధ్యయుగపు సైన్యాల్ని చిన్న చిన్న బొమ్మలతో బల్లమీద నడిపించే ఆట. ఒక్కో బొమ్మ ఇరవైమంది సైనికులతో సమానం. అందులో అలసటకి చక్కని రూలుంది. ఆగకుండా ఐదు టర్నులు నడిచినా, మూడు రౌండ్లు కలబడి కొట్టుకున్నా ఆ దళం అలసిపోయినట్టు. అలసిన దళం తనకంటే ఒక మెట్టు తక్కువ దళంలా కొడుతుంది, అలాగే దెబ్బలు తింటుంది. ఒక టర్ను విశ్రాంతి ఇస్తే తేరుకుంటుంది. అంతే. ఇరవైమందికీ కలిపి ఒకే గుర్తు.

ఇది సేనాపతి కళ్ళతో చూసిన అలసట. ఆయనకి ఆయాసం రాదు, ఆయన దళాలకి వస్తుంది. ఎవర్ని ముందుకి పంపాలి, ఎవర్ని వెనక దాచుకోవాలి అనే లెక్కలో అది ఒక అంకె.

మూడేళ్ళ తర్వాత, 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. మూడు చిన్న పుస్తకాలు, అచ్చువేసింది వెయ్యి పెట్టెలు. ఇప్పుడు ఒక బొమ్మ ఒక్క మనిషి. అతనికొక పేరు, ఒక గతం, కొంత ఆశ. అలసట నిజంగా ఒంటికి తగలాల్సింది ఇప్పుడే కదా. సరిగ్గా ఇప్పుడే అది మాయమైంది. కారణం సిద్ధాంతం కాదు, ప్యాకేజింగ్ అంటాను నేను. కొత్త ఆటలో పోరాటాలకి చెయిన్‌మెయిల్ పుస్తకం చూసుకోమన్నారు. దానితోపాటు ఇరవై ముఖాల పాచికతో నడిచే ఒక ప్రత్యామ్నాయ పద్ధతి కూడా ఇచ్చారు. ఇంకో పుస్తకం కొనడం ఎందుకని జనం ప్రత్యామ్నాయాన్నే పట్టుకున్నారు. అదే ప్రధాన పద్ధతి అయిపోయింది. అలసట రూలు పాత పుస్తకంలోనే ఉండిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని రోజూ చూస్తాం. పాత లైబ్రరీలో ఎవరో జాగ్రత్తగా రాసిన ఫంక్షన్, కొత్త వెర్షన్‌కి మారేటప్పుడు ఎవరూ పిలవక చచ్చిపోతుంది. తీసేద్దామని ఎవరూ అనుకోరు.

పూర్తిగా చచ్చిందనీ అనలేం. సొరంగాల్లో తిరిగేటప్పుడు టర్ను అంటే పది నిమిషాలు, ఆరు టర్నుల్లో ఒకటి విశ్రాంతికి పోవాలని 1974 పుస్తకంలోనే ఉంది. అంటే గంటకి పది నిమిషాలు కూర్చోవాలి. నడిస్తే అలసట ఉంది, నరికితే లేదు!

దీనికి గైగాక్స్ తరఫున జవాబు లేకపోలేదు. 1979లో వచ్చిన డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఆయన హిట్ పాయింట్ల గురించి వివరంగా రాశాడు. హిట్ పాయింట్లంటే కేవలం రక్తమాంసాలు కాదు, నేర్పు, అదృష్టం, దైవబలం అన్నీ కలిపిన మూట అన్నది ఆయన వాదన. అప్పటి రౌండు ఆరు సెకన్లు కాదు, పూర్తి నిమిషం. ఆ నిమిషంలో ఎన్నో వేట్లు, తప్పుకోవడాలు, ఊపిరి తీసుకోవడాలు జరిగిపోతాయి, పాచిక చెప్పేది వాటి ఫలితం మాత్రమే. కాబట్టి హిట్ పాయింట్లు తరగడంలోనే ఆయాసం కూడా కలిసి ఉందని అనుకోవచ్చు. పైగా ఈ ఆట మధ్యయుగపు యుద్ధానికి అద్దం పడుతుందా అంటే పట్టదని అదే పుస్తకం ముందే ఒప్పేసుకుంది. తెలివైన వాదన. ఒక్కటే చిక్కు. ఎదుటివాడు కొట్టకపోతే నా హిట్ పాయింట్లు తరగవు. రోజంతా ఎవరికీ దొరక్కుండా కత్తి తిప్పినవాడు సాయంత్రానికి పొద్దుటి మనిషిలాగే ఉంటాడు. రౌండుని నిమిషం నుంచి ఆరు సెకన్లకి కుదించాక ఆ వాదనకున్న కాస్త చాటు కూడా పోయింది.

కత్తి బరువు తెలిసినవాళ్ళు అప్పటికే వేరే దారి పట్టారు. 1966లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, ఒక ఇంటి పెరట్లో, మధ్యయుగపు వేషాలేసుకుని యుద్ధక్రీడలాడే ఒక సంఘం పుట్టింది. పేరు సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం. పేము కర్రలే కత్తులు, కవచాలు మాత్రం నిజం. తొలి రోజుల్నుంచీ అందులో ఉన్నవాడు స్టీవ్ పెర్రిన్. ఆయన, రే టర్నీ, ఇంకొందరు కలిసి 1978లో రూన్‌క్వెస్ట్ రాశారు. దెబ్బ చేతికి తగిలిందా, కాలికి తగిలిందా, కవచం ఎంత ఆపింది అని అడిగే ఆట. కర్రదెబ్బలు తిన్నవాడు రాసిన ఆట అని చదవగానే తెలిసిపోతుంది.

1984లో వచ్చిన రూన్‌క్వెస్ట్ మూడో ఎడిషన్ అలసటకి అంకెలు కట్టింది. బలం, దేహదారుఢ్యం కూడితే అలసట పాయింట్లు. మోస్తున్న బరువు అందులోంచి తీసెయ్యాలి. పోరాటంలో ప్రతి రౌండుకీ ఒక పాయింటు పోతుంది. సున్నా దాటి కిందికి వెళ్ళాక, ఒక్కో పాయింటుకి అన్ని నైపుణ్యాల్లోనూ ఒక్కో శాతం కోత. ఉదాహరణకి బలం 13, దారుఢ్యం 14, మోస్తున్న బరువు 15 అనుకోండి. చేతిలో ఉన్నవి 12 పాయింట్లు. పన్నెండు రౌండ్లు ఏమీ కాదు. పదమూడో రౌండులో ఒక శాతం, పద్నాలుగులో రెండు శాతం తగ్గుతుంది.

కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో చూడండి. ఇప్పుడు బల్ల దగ్గరికి రండి. నలుగురు ఆటగాళ్ళు, ఎదురుగా ఆరుగురు దొంగలు. ప్రతి రౌండుకీ పది అంకెలు చెరిపి మళ్ళీ రాయాలి. అందులో ఆరు గేమ్ మాస్టర్ ఒక్కడి నెత్తినే. ఇంతా చేసి, చాలా పోరాటాలు పన్నెండో రౌండు రాకముందే ముగిసిపోతాయి. వచ్చినా దక్కేది ఒకటో రెండో శాతం తేడా. కోడ్‌లో లక్షసార్లు తిరిగే లూపులో ప్రతి చుట్టుకీ ఒక లాగ్ లైన్ రాసి, ఆ లాగ్‌ని ఎవరూ తెరవకపోవడం లాంటిది. రూన్‌క్వెస్ట్‌ని ప్రాణంగా ప్రేమించినవాళ్ళే ఆ రూలుని వదిలేసి ఆడారు. కొత్త రూలు చేర్చడమే కాదు, ఉన్నదాన్ని చూసీచూడనట్టు వదిలెయ్యడం కూడా హౌస్ రూలే.

నాకు అన్నిటికంటే నచ్చిన పాత రూలు వేరే చోట ఉంది, అదీ అంతరిక్షం ఆటలో. 1977లో మార్క్ మిల్లర్ రాసిన ట్రావెలర్. అందులో ప్రతి పాత్రకీ ఓర్పు అనే అంకె ఉంటుంది, రెండు పాచికలు వేసి తీసింది, సగటున 7. కత్తితోనో పిడికిలితోనో పూర్తి బలంతో వెయ్యగల వేట్లు అన్నే. అవి అయిపోయాక మిగిలేవి నీరసపు వేట్లే, గురి తప్పే అవకాశం ఎక్కువ. అందం ఎక్కడుందంటే, నీరసపు వేటు ఎప్పుడైనా వెయ్యొచ్చు, దానికి లెక్క లేదు. అంటే ఆటగాడు మొదటినుంచీ ఆలోచించాలి. ఈ తలుపు దగ్గర కాపలావాడి మీద బలం ఖర్చుపెట్టనా, లోపల ఉన్న అసలువాడికి దాచుకోనా? రూన్‌క్వెస్ట్‌లో అలసట అనేది నా మీద పడే పన్ను. ట్రావెలర్‌లో అది నా జేబులో ఉన్న డబ్బు. రెండింటిలోనూ అంకెలే, కానీ ఒకటి నన్ను గుమాస్తాని చేస్తుంది, ఇంకొకటి మనిషిని చేస్తుంది.

1986లో స్టీవ్ జాక్సన్ తెచ్చిన గర్ప్స్ ఇంకో ఉపాయం చేసింది. అక్కడ రౌండు ఒక్క సెకను. పోరాటం పది సెకన్లు దాటిందా, అయితే అంతా అయ్యాక ఒకేసారి బిల్లు. ఒంటిమీద బరువు లేనివాడికి ఒక పాయింటు, బరువు పెరిగేకొద్దీ ఇంకా. లెక్క సులువైంది. కాకపోతే కొట్లాట మధ్యలో ఆయాసం రాదు, హోటల్లో భోజనమయ్యాక వచ్చే బిల్లులా ఆఖర్న వస్తుంది. ఈ లోటు గర్ప్స్ వాళ్ళని చాలాకాలం కెలికినట్టుంది. 2012లో ఆ సంస్థ పత్రిక పిరమిడ్‌లోనే డగ్లస్ కోల్ ఒక పెద్ద వ్యాసం రాశాడు. ప్రతి వేటుకీ, ప్రతి అడుగుకీ ఖర్చయ్యే పాయింట్లు, మధ్యమధ్యలో వెనక్కి తగ్గి ఊపిరి పీల్చుకుంటే కొన్ని తిరిగి వస్తాయి. నిజం కత్తిపోరాటాల్లో ఇద్దరూ ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతూ క్షణాలపాటు ఏమీ చెయ్యకపోవడం చూస్తాం కదా, ఆ ఖాళీ సమయానికి రూల్స్‌లో చోటు దొరికింది. బావుంది. కాకపోతే మళ్ళీ గుమాస్తాగిరీ.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూడా ఊరుకోలేదు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో అలసట, తీవ్రమైన అలసట అని రెండు మెట్లు పెట్టారు. కానీ ఊరికే కొట్టుకుంటే అవి రావు. పూనకంతో పోరాడే బార్బేరియన్‌కి పూనకం దిగాక వస్తుంది. 2014లో ఐదో ఎడిషన్ ఆరు మెట్ల నిచ్చెన కట్టింది. మొదటి మెట్టులో పనులు కష్టమవుతాయి, రెండో మెట్టులో నడక సగమవుతుంది, మూడులో చెయ్యి తడబడుతుంది, నాలుగులో ప్రాణశక్తి సగం, ఐదులో కదల్లేడు, ఆరులో చస్తాడు. రాత్రంతా విశ్రాంతి తీసుకుంటే దిగేది ఒక్క మెట్టే. భయంకరమైన నిచ్చెన. అందుకే కాబోలు, దాన్ని వాడే సందర్భాలు పుస్తకంలో చాలా తక్కువ. బెర్సర్కర్ అనే ఒక రకం వీరుడు ఉన్మాదంతో పోరాడితే మాత్రం ఒక మెట్టు ఎక్కాలి. పాపం, రోజుకి రెండుసార్లు ఆవేశపడితే మూడో పోరాటానికి పనికిరాడు. పక్కన మంత్రగాడు మాత్రం నిప్పులు కురిపించి కూడా తాజాగా ఉంటాడు. ఒళ్ళు వంచి పనిచేసేవాడికే అలసట, కూర్చుని చేసేవాడికి లేదు. ఈ అన్యాయం మీద వచ్చినన్ని ఫిర్యాదులు ఆ పుస్తకంలో ఇంకే చిన్న రూలు మీదా వచ్చి ఉండవు. 2024 సవరణలో బెర్సర్కర్‌కి ఆ శిక్ష తీసేశారు. నిచ్చెనని కూడా మెట్టుకి రెండు చొప్పున పాచిక మీద కోత అని సులువు చేశారు. ఆరో మెట్టులో చావు మాత్రం అలాగే ఉంచారు.

ఈ నిచ్చెన మీద జనం కట్టుకున్న హౌస్ రూల్స్‌లో ఒకటి బాగా పాతుకుపోయింది. ఐదో ఎడిషన్‌లో హిట్ పాయింట్లు సున్నాకి పడిపోయిన పాత్ర స్పృహ తప్పుతుంది. స్నేహితుడు ఒక చిన్న మంత్రం వేస్తే, ఒక్క పాయింటుతో లేచి, పూర్తి బలంతో కొట్టడం మొదలుపెడుతుంది. మళ్ళీ పడుతుంది, మళ్ళీ లేస్తుంది. చూడ్డానికి కార్టూన్‌లా ఉంటుంది. అందుకని చాలా బల్లల దగ్గర, సున్నాకి పడిన ప్రతిసారీ ఒక మెట్టు అలసట అని పెట్టుకున్నారు. లెక్క తక్కువ, భయం ఎక్కువ. చావు అంచుదాకా వెళ్ళొచ్చినవాడు వెంటనే మామూలు మనిషి కాలేడని ఒప్పుకున్నట్టు. లోపమేమిటంటే ముందువరసలో నిలబడేవాడే ఎక్కువసార్లు పడతాడు కాబట్టి, ఈ రూలు కూడా మళ్ళీ వాడి నడ్డే విరుస్తుంది.

అసలు మనుషులు ఎంత అలసిపోతారు? దీన్ని కొలిచినవాళ్ళున్నారు. 2011లో లీడ్స్ విశ్వవిద్యాలయంలో గ్రాహం ఆస్క్యూ బృందం, పదిహేనో శతాబ్దపు కవచాల నమూనాలు తొడిగిన అనుభవజ్ఞుల్ని ట్రెడ్‌మిల్ మీద నడిపించింది. కవచం బరువు 30 నుంచి 50 కిలోలు. మామూలుగా నడిచేదానికంటే కవచంతో నడిస్తే రెండింతలకి పైగా శక్తి ఖర్చవుతోంది. అదే బరువు వీపు మీద మూటగా మోస్తే అంత కాదు. కాళ్ళకి కట్టిన ఇనుముని అడుగడుక్కీ ఊపాలి, అదీ తేడా. ఛాతీ మీద రేకు బిగించి ఉండటంవల్ల గట్టిగా ఊపిరి పీల్చలేక, చిన్న చిన్న ఊపిర్లు గబగబా తీసుకున్నారు. 1415లో ఆజన్‌కూర్ దగ్గర, వాన కురిసి బురదైన దుక్కి నేలలో ఫ్రెంచి యోధులు ఈ ఇనుముతోనే నడిచి వెళ్ళి ఇంగ్లీషువాళ్ళని ఢీకొన్నారు. కత్తి ఎత్తకముందే సగం యుద్ధం అయిపోయిందన్నమాట.

భారతం చదివినవాళ్ళకి ఇక్కడ ద్రోణపర్వం గుర్తొస్తుంది. పద్నాలుగో రోజు సైంధవుడు చచ్చినా యుద్ధం ఆగదు, దివిటీలు వెలిగించి రాత్రి కూడా సాగుతుంది. ఘటోత్కచుడు పడిపోయాక ఇరువైపులా సైనికులు నిద్రకి తూలుతూ, ఎవర్ని కొడుతున్నారో తెలియని స్థితికి వస్తారు. అప్పుడు అర్జునుడు, చంద్రుడు వచ్చేదాకా ఎక్కడివాళ్ళక్కడే పడుకోండి అంటాడు. కౌరవసేన కూడా ఒప్పుకుంటుంది, శత్రువుని దీవిస్తుంది. ఏనుగుల మీద, గుర్రాల మీద, రథాల మీద, నేల మీద అందరూ నిద్రపోతారు. చంద్రుడు రాగానే లేచి మళ్ళీ నరుక్కుంటారు. పద్ధెనిమిది రోజుల యుద్ధంలో నాకు అన్నిటికంటే నమ్మబుద్ధయ్యే ఘట్టం అదే. ఆ యుద్ధంలో దివ్యాస్త్రాలున్నా మనుషులకి నిద్ర వస్తుంది.

అలసటకి ఇంకో అర్థం కూడా ఉంది, దాన్ని వదిలేస్తే ఈ చరిత్ర సగమే. 1915లో బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ మైయర్స్ లాన్సెట్ పత్రికలో షెల్ షాక్ గురించి రాశాడు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ సైన్యం దాన్నే యుద్ధపు అలసట అంది. 1943లో జనరల్ బ్రాడ్లీ, మనసు చెదిరిన సైనికులకి ముందుగా రాయాల్సిన మాట అలసట అనే ఆదేశించాడు. పిచ్చి అంటే వెనక్కి రాడు, అలసట అంటే నిద్రపోయి వస్తాడు అని ఆశ. పేరులోనే చికిత్స ఉంది, కొంచెం మోసం కూడా ఉంది.

ఆటలు ఈ రెండో అలసటని ముట్టుకోవడానికి కొంత సమయం పట్టింది. 1981లో శాండీ పీటర్సన్ కాల్ ఆఫ్ కథూలూలో పాత్రకి మతిస్థిమితం కూడా ఒక అంకె అయింది. ఘోరాలు చూసేకొద్దీ తరుగుతుంది. అంతకు ముందు ఏడాదే అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలోకి పీటీఎస్‌డీ అనే రోగం పేరు అధికారికంగా ఎక్కింది. రెంటికీ సంబంధం అంటగట్టను, తేదీలు పక్కపక్కన ఉన్నాయని మాత్రం చెబుతున్నాను. 1984 నాటి ట్వైలైట్ 2000లో, తూటాల మధ్య పాత్ర ఎంతసేపు బిగుసుకుపోతుందో చెప్పే అంకె ఉంది. 1998లో గ్రెగ్ స్టోల్జ్, జాన్ టైన్స్ రాసిన అన్‌నోన్ ఆర్మీస్ అన్నిటికంటే లోతుకి వెళ్ళింది. హింస చూసిన ప్రతిసారీ పాత్ర తట్టుకుంటే మొద్దుబారుతుంది, తట్టుకోలేకపోతే విరుగుతుంది. రెండింటికీ గుర్తులు పెట్టుకోవాలి. తట్టుకోవడం కూడా నష్టమే! మొద్దుబారడం నిండిపోయాక ఆ మనిషి దేనికీ చలించడు. పోరాటాల అధ్యాయం మొదట్లోనే, కొట్లాట తప్పించుకునే దారులు ఆరు చెప్పింది ఆ పుస్తకం. కత్తి దించమని చెప్పే రూల్స్ పుస్తకాలు మీకు తరచుగా దొరకవు.

ఇక మూడో అలసట, ఎవరూ పైకి ఒప్పుకోనిది: ఆడేవాళ్ళది. ఆటలో ఒక నిమిషం పట్టే కొట్లాటకి బల్ల దగ్గర రెండు గంటలు పట్టడం మామూలే. ఎనిమిదో రౌండుకి పాత్రలకి రాని ఆవలింతలు ఆటగాళ్ళకి వస్తాయి. 2013లో రాబ్ హైన్సూ, జోనథన్ ట్వీట్ తెచ్చిన థర్టీంత్ ఏజ్ దీనికి మందు కనిపెట్టింది. రెండో రౌండు నుంచి బల్ల మధ్యలో ఒక పాచిక పెడతారు. రౌండుకి ఒకటి చొప్పున దాని అంకె పెరుగుతుంది, వీరులు కొట్టే ప్రతి దెబ్బకీ ఆ అంకె కలుస్తుంది. అంటే పోరాటం సాగేకొద్దీ వీరుడి గురి పెరుగుతుంది! శరీరశాస్త్రం ప్రకారం తలకిందులు. కానీ పోరాటం త్వరగా ముగుస్తుంది, జనం వేళకి భోజనం చేస్తారు. పాత్రల అలసటని పట్టించుకుంటే మనుషుల అలసట పెరుగుతుంది, మనుషులది పట్టించుకుంటే పాత్రలది ఎగిరిపోతుంది. యాభై ఏళ్ళ రాయడం పడేయడం వెనక ఉన్న పేచీ ఇదేనని నాకనిపిస్తుంది.

అయినా ఆ రూలుని మళ్ళీ మళ్ళీ రాసేవాళ్ళ పక్షమే నాది. వాస్తవికత కోసం కాదు, డ్రాగన్లున్న చోట దాని గురించి మాట్లాడటం అనవసరం. అలసట లేని ఒంటికి ఆగడానికి కారణం ఉండదు. అవతలివాడు చచ్చేదాకా కొట్టడమే లాభసాటి లెక్క అవుతుంది. మేం ఆడిన ఆటల్లో ఎన్నో పోరాటాలు ఇలాగే ముగిశాయి. ఎవరూ లొంగలేదు, ఎవరూ పారిపోలేదు.

మా గుంపు ఇప్పుడు వాడేది థర్టీంత్ ఏజ్ పాచికనే తిరగేసిన రూలు. బల్ల మధ్యలో ఒకే ఒక పాచిక, రౌండుకి ఒకటి పెరుగుతుంది. నాలుగు దాటాక, రాక్షసులతో సహా అందరూ రెండు పాచికలు వేసి చిన్నదే తీసుకోవాలి, ఒక రౌండు ఊరికే నిలబడి ఊపిరి తీసుకుంటే తప్ప. ఎవరి కాగితం మీదా ఏమీ రాయక్కర్లేదు. మొన్న ఒక వంతెన మీద కాపలావాళ్ళతో కొట్లాటలో ఆరో రౌండుకి ఇరువైపులా అందరూ ఒకేసారి ఊపిరి తీసుకోవడానికి ఆగారు. చెయ్యడానికి ఏమీ లేదు. ఆ ఖాళీలో మాలో ఒకమ్మాయి, ఎదురుగా ఒగరుస్తున్న కాపలావాడిని, నీ పేరేంటన్నా అని అడిగింది. మా గేమ్ మాస్టర్ వాడికి పేరు రాసుకోలేదు. అప్పటికప్పుడు పేరొకటి పెట్టి, ఇద్దరు పిల్లల్ని ఇచ్చి, మూడు నెలలుగా జీతం రాలేదని చెప్పాడు. జీతం ఎంతని బేరం మొదలైంది. ఆ రాత్రి వంతెన దాటడానికి మాకు పదిహేడు వెండి నాణేలు ఖర్చయ్యాయి.